పాఠశాల ప్రదర్శనలో కొలంబియా రుచి: ఏ వంటకాన్ని ఎంచుకోవాలి?

పాఠశాలలో ఏదైనా ఒక దేశాన్ని పరిచయం చేయమని విద్యార్థికి అప్పగించినప్పుడు పటం, పతాకం, రాజధాని వివరాలు తేలికగానే సమకూరుతాయి. చిక్కంతా వంటకం దగ్గరే వస్తుంది. కొలంబియా విషయంలో ఈ చిక్కు మరింత పెద్దది. ఆండీస్ పర్వతాలు ఆ దేశంలో మూడు శ్రేణులుగా చీలిపోతాయి. ఒకవైపు కరీబియన్ సముద్రం, మరొకవైపు పసిఫిక్ మహాసముద్రం, తూర్పున విశాలమైన పచ్చిక మైదానాలు, దక్షిణాన అమెజాన్ అడవి ఉన్నాయి. ఒక ప్రాంతపు వంట మరో ప్రాంతంలో పరాయిదిగా కనిపించే సందర్భాలు తక్కువేమీ కాదు. అందువల్ల ఏదో ఒక పళ్లేన్ని చూపి ‘ఇదే కొలంబియా భోజనం’ అనడం కన్నా, అది ఏ ప్రాంతానిదో చెప్పి వడ్డించడమే సముచితం.

అంతర్జాలంలో వెదికితే మొదట కనిపించేది ‘బందేహా పైసా’. ఆంటియోకియా, దాని పొరుగున ఉన్న కాఫీ తోటల ప్రాంతాల భోజనమిది. ఎర్ర చిక్కుళ్లు, అన్నం, కొట్టిన మాంసం, వేయించిన పంది కొవ్వుముక్క, గుడ్డు, పండిన అరటి వేపుడు, అవకాడో అన్నీ ఒకే పళ్లెంలో చేరతాయి. దీనిని జాతీయ వంటకంగా చెప్పేవారు ఉన్నారు. ఇతర ప్రాంతాలవారు మాత్రం ఆ మాటను అంత సులువుగా అంగీకరించరు. ఆ వాదం ఎలా ఉన్నా, తరగతి గదికి ఇది తగదు. వేడిగా ఉంటేనే రుచి, పరిమాణం ఎక్కువ. గొడ్డుమాంసం, పందిమాంసం తినని పిల్లలు ఉన్నచోట దీనిని పంచడమూ కష్టమే.

రాజధాని బొగోటా పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే ‘అహియాకో’ సూప్‌ది మరో రకం ఇబ్బంది. కోడిమాంసం, మూడు రకాల బంగాళాదుంపలు, మొక్కజొన్న కంకి ముక్కలతో వండి, మీగడ, కేపర్ మొగ్గలు, అవకాడోలతో వడ్డిస్తారు. మూడు దుంపల్లో చిన్నదైన పసుపుపచ్చ రకం ఉడికి కరిగిపోయి సూప్‌కు చిక్కదనం ఇస్తుంది. అసలు పరిమళం మాత్రం ‘గువాస్కాస్’ అనే ఆకుది. అది లేకుండా చేసినది మంచి కోడి సూప్ కావచ్చు గానీ అహియాకో కాదు.

చాలామంది చివరకు చేరేది ‘అరెపా’ దగ్గరికే. మొక్కజొన్న పిండితో చేసే ఈ గుండ్రని రొట్టెలో ప్రాంతానికొక రూపం ఉంది. ఆంటియోకియాలో ఉప్పు కూడా వేయని పలుచని తెల్ల అరెపా, లేత మొక్కజొన్నతో చేసి జున్నుతో తినే తియ్యని అరెపా, కరీబియన్ తీరంలో లోపల గుడ్డు పోసి రెండుసార్లు నూనెలో వేయించే అరెపా వాటిలో కొన్ని. పొరుగుదేశమైన వెనిజులా కూడా అరెపా తనదేనంటుంది. ప్రదర్శనలో ఆ మాటను దాచనవసరం లేదు. ఇప్పటి సరిహద్దులు గీయకముందు నుంచే అక్కడి ఆదివాసులు మొక్కజొన్న రొట్టెలు కాల్చుకునేవారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన దుకాణాల్లో రొట్టెలకు అమ్మే మొక్కజొన్న పిండితో అరెపా చేయబోతే ముద్ద కట్టక పగిలిపోతుంది. అరెపాకు వాడేది పొట్టు తీసి, ముందే ఉడికించి, ఆరబెట్టి పట్టిన పిండి. గోరువెచ్చని నీరు, చిటికెడు ఉప్పు కలిపి అయిదు నిమిషాలు నాననిస్తే అది మెత్తని ముద్ద అవుతుంది. పెనం మీద రెండువైపులా కాలిస్తే చాలు. చల్లారితే గట్టిపడుతుంది కనుక ఉదయాన్నే చేసి గుడ్డలో చుట్టి తీసుకువెళ్లాలి. వాయే దెల్ కౌకా ప్రాంతపు ‘పాండెబోనో’కూ ఇదే పరిమితి. కర్రపెండలం పిండి, జున్ను, గుడ్డుతో చేసే ఆ చిన్న రొట్టెల్లో సంప్రదాయంగా గోధుమ ఉండదు. పొయ్యి నుంచి తీసిన గంటలోపే వాటి అసలు రుచి.

కథ చెప్పగల వంటకం కావాలంటే ‘కొకాదా’ను మించినది లేదు. తురిమిన కొబ్బరిని బెల్లంతో గానీ పంచదారతో గానీ దగ్గరపడేదాకా ఉడికించి ముద్దలుగా వేస్తారు. తెలుగువారికి ఇది కొబ్బరి లౌజుకు దగ్గరి చుట్టం. కార్తహేనా నగర వీధుల్లో తలపై పళ్లేలతో పండ్లు, మిఠాయిలు అమ్మే పాలెంకేరా స్త్రీల చేతుల్లో ఇది కనిపిస్తుంది. వారి రంగురంగుల దుస్తులు పర్యాటక చిత్రాల్లో ప్రసిద్ధమే. వారి ఊరు సాన్ బసీలియో దె పాలెంకే చరిత్ర అంతగా ప్రసిద్ధం కాదు. స్పానిష్ యజమానుల నుంచి తప్పించుకున్న ఆఫ్రికన్ బానిసలు కోటకంచె కట్టుకుని నిలబెట్టుకున్న ఊరది. వారి భాష, సంగీతం, ఆచారాలతో కూడిన సాంస్కృతిక ఆవరణను యునెస్కో 2005లో గుర్తించి, 2008లో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. దుస్తుల బొమ్మ అంటించి ఊరుకోకుండా ఈ నాలుగు మాటలు చెబితే మిఠాయికి అర్థం చేకూరుతుంది.

కొకాదాలో వాడే ‘పనెలా’ మరెవరో కాదు, మన చెరకు బెల్లమే. ప్రపంచంలో ఇలాంటి బెల్లాన్ని అత్యధికంగా తయారుచేసే దేశం భారత్ కాగా, తరువాతి స్థానం కొలంబియాది. అమెరికా ఖండాలకు చెరకు 1493లో కొలంబస్ రెండో యాత్రతో చేరింది. కొలంబియాలో పనెలాను నీటిలో కరిగించి, చల్లని కొండ ప్రాంతాల్లో వేడిగా జున్నుముక్కతో, వేడి ప్రాంతాల్లో నిమ్మరసం పిండి చల్లగా తాగుతారు. శ్రీరామనవమి పానకం తెలిసిన పిల్లలకు ఆ చల్లని పానీయాన్ని పరిచయం చేయనక్కరలేదు. అనకాపల్లి బెల్లంతో చేసినా రుచిలో పెద్ద తేడా రాదు.

పొయ్యి వెలిగించే వీలు లేనివారికి ‘ఒబ్లియా’ ఉత్తమం. గోధుమ పిండితో చేసిన అప్పడమంత పలుచని రెండు కరకరలాడే బిళ్లల మధ్య ‘అరెకీపే’ అనే చిక్కని పాల తీపిని పూస్తారు. శాంతాందేర్ ప్రాంతంలోని ఫ్లోరిదాబ్లాంకా పట్టణం దీనికి పేరుపొందింది. పూసిన కాసేపటికే బిళ్ల మెత్తబడుతుంది కనుక పంచే సమయంలోనే పూయాలి. అదే ప్రాంతంలోని వేలెస్ పట్టణపు జామపండ్ల ‘బొకడీయో’ రోజుల తరబడి నిలుస్తుంది. పాల పదార్థాలు పడని పిల్లలు కూడా తినవచ్చు.

ఎంపిక ఏదైనా, ఎవరికి ఏది పడదో ఉపాధ్యాయులను ముందే అడిగి తెలుసుకోవాలి. అరెకీపే, పాండెబోనోల్లో పాలు, ఒబ్లియాలో గోధుమ, కొకాదాలో కొబ్బరి ఉంటాయి. గుడ్డు, మాంసం ఉన్నవాటిని విడి పళ్లెంలో, విడి గరిటెతో ఉంచాలి. ప్రతి పళ్లెం ముందు ఒక చీటీ మీద వంటకం పేరు, ప్రాంతం, వాడిన పదార్థాలు రాసిపెట్టడం మంచిది. మొత్తం తరగతికి పంచేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్క ముద్ద, ఒక చిన్న గ్లాసు పానీయం సరిపోతుంది.