పొట్టలో దాచిన గాలిమర

తొలినాళ్ల పైలట్‌కు చేతిబలమే ఆధారం. తను స్టిక్కు లాగితే ఉక్కుతీగ బిగిసి, రెక్క మీది పలక కదిలేది. విమానాలు పెద్దవై వేగం పెరిగేసరికి, ఎదురుగాలిని తోసి ఆ పలకలను కదపడం మనిషి తరం కాలేదు. ఆ బరువు హైడ్రాలిక్ నూనె మీద పడింది. దాని ఒత్తిడి సాధారణంగా చదరపు అంగుళానికి 3,000 పౌండ్లు. పంపులను తిప్పేవి ఇంజిన్లు. అవే ఆగిపోతే?

అప్పుడు గాలినే వాడుకోవాలి. 1940లలో జర్మన్ల రాకెట్ యుద్ధవిమానం మెసర్‌ష్మిట్ 163 ముక్కున కరెంటు కోసం చిన్న పంకా ఒకటి తిరిగేది. 1962లో తొలిసారి ఎగిరిన బ్రిటిష్ వీసీ10తో అలాంటి పంకా ప్రయాణికుల విమానాల్లోకీ వచ్చింది. దీని పేరు ర్యామ్ ఎయిర్ టర్బైన్. విమానాల వాళ్లకు ‘ర్యాట్’. మామూలప్పుడు లోపల ముడుచుకుని ఉంటుంది, అవసరమైతే బయటికి దిగుతుంది.

దాని విలువ లోకానికి తెలిసింది కెనడాలో. 1983 జులై 23న ఎయిర్ కెనడా 767కు ఇంధనం లెక్కలో కిలోలకూ పౌండ్లకూ తేడా తెలియక సగం కూడా పోయలేదు. గాల్లో ఉండగానే ఇంజిన్లు రెండూ ఆగాయి. ర్యాట్ దిగి, నూనెకు ఒత్తిడి అందించింది. చిక్కేమిటంటే వేగం తగ్గేకొద్దీ పంకా కూడా నెమ్మదిస్తుంది. నేల దగ్గరపడేసరికి కంట్రోళ్లు బరువెక్కాయి. కెప్టెన్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అలవాటుండబట్టి గిమ్లీలోని పాత వైమానిక స్థావరంలో దించగలిగాడు. 69 మందీ బతికారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన విమానంలోనూ ర్యాట్ దిగి ఒత్తిడి ఇవ్వడం మొదలుపెట్టిందని ప్రాథమిక నివేదిక చెప్పింది. గ్లైడ్ అయ్యేందుకు ఎత్తే లేకపోయింది.

ఎయిర్‌బస్ ఏ320 విమానంలో కూర్చున్నప్పుడు కాళ్ల కింద కుక్క మొరిగినట్టు వినిపిస్తే కంగారు పడకండి. అదీ ఒక ఆపద్ధర్మ యంత్రమే: ఒక హైడ్రాలిక్ వ్యవస్థ బలాన్ని, నూనె కలవకుండా, రెండోదానికి అందిస్తుంది.

అయితే ఇవన్నీ నూనె ఉంటేనే. 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ 747లో, 1989లో యునైటెడ్ డీసీ-10లో గొట్టాలు తెగి నూనె మొత్తం కారిపోయింది. ఎన్ని పంపులుండి ఏం లాభం? ఏ380లో ఎయిర్‌బస్ మూడో హైడ్రాలిక్ వ్యవస్థ పెట్టనే లేదు. కొన్ని పలకల దగ్గర కరెంటు మోటారు, కాస్త సొంత నూనె అమర్చింది. ఆఖరి గడియలో కరెంటిచ్చేది మాత్రం ర్యాటే. కాకపోతే దాని పంకా పెద్దది, వ్యాసం 1.63 మీటర్లు.