కట్టుబడులు కట్టు తప్పిన ఏడాది

‘ఉల్లంఘన’లో ఉన్నది లంఘనమే, అంటే దూకడం. ‘అతిక్రమణ’లో అడుగు హద్దు దాటి పడుతుంది. రెండూ సంస్కృతం, కోర్టు కాగితాల్లో బాగుంటాయి. మన నోట్లో మాత్రం మాట మీరడం, గీత దాటడం, కట్టు తప్పడం.

ఈ చివరి మాట వింటే నాకు కోయిలకుంట్ల గుర్తొస్తుంది. అప్పట్లో అది కడప జిల్లా. 1800లో నిజాం దత్తమండలాన్ని కుంపిణీకి ఇచ్చేశాక, పాలెగాళ్లకు పాలెం పోయి తవర్జీ మిగిలింది. ఊళ్లకు కావలి కాసే బంట్లను కట్టుబడులు అనేవాళ్లు. కావలికి బదులు ఇనాం భూమి, అదీ ఒప్పందం. తర్వాత సర్కారు, కట్టుబడి చనిపోతే ఆ భూమిని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టింది. మరి ముందు కట్టు తప్పిందెవరు?

1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డవాళ్లలో ఈ కట్టుబడులూ ఉన్నారు. ఇలాంటి వాటికి సర్కారు భాషలో పేరు పితూరీ. ఉర్దూ ‘ఫితూర్’ నుంచి వచ్చింది, తిరుగుబాటు అని అర్థం. ఇప్పుడు పితూరీ అంటే పక్కవాడి మీద చెప్పే చాడీ! మాట ఎంత చిన్నదైపోయిందో చూడండి.

నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలోనే ఉరి తీశారు. తలను కోట దగ్గర వేలాడదీసి, 1877 దాకా దించలేదు.