పులస దారిలో మా ఆనకట్ట

మా ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య పాయలుగా చీలుతుంది. అందుకే ఆనకట్టను కూడా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. 1847లో మొదలైన పని 1852కి పూర్తయింది. రాయి మా కొండదే. కొండ నుంచి ఏటిదాకా పట్టాలు వేసి బళ్ల మీద తోలారు. 1830ల కరువుల్లో జనం రాలిపోయిన నేల ఆ రాయి వల్లే పచ్చబడింది. ఈ ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకు ఈ జిల్లాల్లో ఇప్పటికీ దండం పెడతారు, నేనూ పెడతాను. అయితే నీరు ఎటు మళ్లిందో చెప్పుకున్నంతగా, చేప ఎక్కడ ఆగిపోయిందో మనం చెప్పుకోలేదు.

సముద్రంలో ఇలసగా తిరిగే చేప, గోదావరి వరద ఎర్రనీరు కడలిలో కలవగానే యానాం, అంతర్వేది వైపుల నుంచి గుంపులుగా ఏరెక్కుతుంది. అప్పుడది పులస. మనం రుచి కోసం చెప్పుకునే ఆ ఎదురీతంతా గుడ్లు పెట్టడానికే. ఒక్కో ఆడచేప కడుపులో లక్షల గుడ్లుంటాయి. ఉప్పు తగలని, పారే నీటిలో వాటిని వదులుతుంది. అవి ప్రవాహంలో కొట్టుకుపోతూనే ఇంచుమించు ఒక రోజులో పిల్లలవుతాయి. ఆ పిల్లలు కొన్ని నెలలు ఏటి దిగువన, పోటు నీరు వచ్చిపోయే చోట పెరిగి సముద్రానికి దిగుతాయి. నీరు ఆగినా, మురుగు కలిసినా, ఇసుక కోసం ఏటిని గుల్ల చేసినా దెబ్బ తగిలేది ఆ పిల్లలకే.

పాత ఆనకట్ట ఎత్తు తక్కువ. నిండు వరదలో నీరు దాని మీదుగా పొర్లేది. అయినా ఇలాంటి కట్టలు వలస చేపల దారి మూస్తున్నాయని మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873లోనే, భారత్, బర్మాల మంచినీటి చేపల మీద రాసిన నివేదికలో హెచ్చరించాడు. 1982 నాటికి ఆనకట్ట స్థానంలో 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. వరద ఉన్నన్నాళ్లు గేట్లు లేస్తాయి, తగ్గగానే దిగుతాయి. కాలవలకు నీరు నిలపాలి కనుక అది తప్పదు. గేట్లు దిగాక వచ్చిన చేప దిగువనే తిరుగుతుంది. అక్కడే వలలూ ఉంటాయి.

పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేలో పులస ఎక్కడానికి మెట్లు, అంటే ఫిష్ లాడర్ కట్టారు, కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ సిఫ్రి సలహా తీసుకున్నారు. మంచి పని. కానీ పోలవరం మాకు ఎగువన ఉంది. అక్కడి మెట్లు ఎక్కాలంటే చేప ముందు ధవళేశ్వరం దాటాలి. మొదట చూడాల్సింది ఇక్కడ. ఎర్రనీరు వచ్చినప్పటి నుంచి గేట్లు దించేదాకా ఏ పాయలో ఏ గేటు ఎప్పుడు ఎత్తితే చేప ఎక్కుతుందో ఏటేటా గమనించి, ఆ ప్రకారం ఒక పాయనైనా దానికి వదలాలి. వేసవిలో దిగువకు కాస్త నీరు వదలాలి. లేకపోతే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది.

అన్నిటికన్నా కష్టమైనది వల ఆపడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. పులస ఏరెక్కేది ఆ తర్వాత. పైగా జన, అంటే గుడ్లు, ఉన్న చేపకే గిరాకీ. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న మాట ఈ చేపకు చాలా కీడు చేసిందని నా నమ్మకం. బంగ్లాదేశ్‌లో ఇదే చేప కోసం అక్టోబరులో 22 రోజులు వేట ఆపుతారు, 25 సెంటీమీటర్ల లోపు పిల్లలను నెలల తరబడి పట్టనివ్వరు, ఆ రోజుల్లో జాలర్లకు బియ్యం ఇస్తారు. మన దగ్గర సముద్రంలో వేట ఆపినవాళ్లకు భృతి ఉంది. పులస రోజుల్లో ఏటి మీద వల ఆపేవాళ్లకూ అది రావాలి, వల కట్టేయకముందే చేతికందాలి. లంకల్లో పల్లెకారుల ఇళ్లకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఆ నెలల్లోనే వస్తుంది.