కాటిసీను తెరకెక్కినప్పుడు

చంపాపేట్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి, మంచాల మీదుగా తూర్పుకు తిరిగితే రాచకొండ గుట్టలు వస్తాయి. ఎల్బీ నగర్ చుట్టుపక్కల జనానికి ఆ పేరు 2016లో ఏర్పడిన పోలీస్ కమిషనరేట్ వల్ల బాగా అలవాటైంది. అంతకు చాలా ముందే, కాకతీయుల తర్వాత రేచర్ల పద్మనాయకులు ఏలిన ఆ రాచకొండ సీమ తెలుగు విషాదానికి పుట్టిల్లు. 15వ శతాబ్దంలో అక్కడి కవి గౌరన హరిశ్చంద్రుడి కథను ద్విపదలో రాశాడు. చదువు రానివాళ్లు కూడా విని పాడుకోగలిగిన ఛందస్సు ద్విపద. ఆ కథ పుట్టుకతోనే చెవికోసం తయారైంది. 1912లో బలిజేపల్లి లక్ష్మీకాంతం దాన్ని ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకంగా మలిచాక తెలుగు ఊళ్లన్నిటికీ పాకింది. పాశ్చాత్యుల ఒపేరాకు మన దగ్గరున్న దగ్గరి చుట్టం పద్యనాటకం. అలాంటి నాటకాన్ని సినిమాగా తీసేవాళ్లు కథలో ఏం మార్చాలా అని తలపట్టుకుంటారు. హరిశ్చంద్ర చరిత్ర చూస్తే అసలు మార్చవలసింది కాలాన్ని అని తేలుతుంది.

రంగస్థలం మీద కాలం ప్రేక్షకుడి చేతిలో ఉండేది. తెల్లవార్లూ ఆడే కాంట్రాక్టు నాటకంలో ఒక్క పాత్రను ఇద్దరు ముగ్గురు పంచుకునేవారు. వారణాసి సీనుకు ఒక హరిశ్చంద్రుడు, కాటిసీనుకు మరొకడు. హార్మోనియం శ్రుతి అందుకోగానే నటుడు పద్యం ఎత్తుకుంటాడు, చివరి పాదం మీద రాగాన్ని సాగదీస్తాడు, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదలెడతాడు. గుర్రం జాషువా శ్మశానవాటి పద్యాలు బలిజేపల్లి రాసినవి కావు. అయినా కాటిసీనులో నటులు వాటిని చేర్చుకున్నారు, జనం వాటిని నాటకంలో భాగంగానే స్వీకరించారు. రాత్రి రాత్రికీ పెరగగలిగిన, తరగగలిగిన ప్రదర్శన అది. ఆ కాటిసీనులో ఏముంది? పాము కరిచి చచ్చిన కొడుకు లోహితాస్యుణ్ని రాణి చంద్రమతి మోసుకొస్తుంది. కాటికాపరిగా మారిన హరిశ్చంద్రుడు కాటిసుంకం అడుగుతాడు. ఇవ్వడానికి ఏమీ లేదంటే, మెడలో తాళి ఉందిగా అంటాడు. భర్తకు తప్ప మరెవరికీ కనబడని తాళి అది. ఆ ఒక్క మాటతో ఎదుటివాడు ఎవరో ఆమెకు తెలిసిపోతుంది. ఇంత పదునైన మలుపు చుట్టూ నటుడు ఎన్ని పద్యాలైనా అల్లుకోవచ్చు. జనం కూర్చునే ఉంటారు.

నాటకం వచ్చిన మరుసటి ఏడాదే, 1913లో, దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ విడుదల చేశాడు. భారతీయ కథాచిత్రాల చరిత్ర ఆ మూకీతోనే మొదలైందని చెప్పుకుంటాం. ఏడాది తేడాలో ఒకే కథ రెండు కొసలు చూసింది: ఇక్కడ అంతా గొంతే, అక్కడ గొంతే లేదు. ఆడవాళ్లు నటించడానికి ముందుకు రాక రాణి వేషం మగవాడు వేయడం మాత్రం ఆ మూకీలోనూ, మన రంగస్థలం మీదా చాలాకాలం ఒకటే. 1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు తెరకు మాట వచ్చింది. అదీ ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, సురభి కళాకారులతో తీసినదే. 1935 నాటి ‘హరిశ్చంద్ర’లో అద్దంకి శ్రీరామమూర్తి రాజు, కన్నాంబ చంద్రమతి. కన్నాంబకు అదే తొలి చిత్రం. ఇద్దరూ నాటకాల నుంచి వచ్చినవాళ్లే. తొలి టాకీలు రంగస్థలాన్ని నటులతో, పద్యాలతో సహా ఎత్తుకొచ్చి కెమెరా ముందు నిలబెట్టాయి. కానీ వన్స్‌మోర్ అడిగే హక్కును మాత్రం తీసుకురాలేకపోయాయి. రీలు ఆగదు, వెనక్కి రాదు. ప్రేక్షకుడు అడిగితే అందంగా ఉండే సాగదీత, అడగకుండా వస్తే బరువవుతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. ఇటలీ దర్శకుడు ఫ్రాంకో జెఫిరెల్లి 1986లో వెర్డీ ‘ఒటెల్లో’ను సినిమాగా తీస్తూ, చావుకు ముందు డెస్డిమోనా పాడే పేరుపొందిన పాటనే తీసేశాడు. ఒపేరా అభిమానులు నొచ్చుకోవడం న్యాయమే. కోత అవసరమైనప్పుడు పాటను మొత్తంగా తీసేయడం ఒక దారి. తెలుగు సినిమా మరో దారి కనిపెట్టింది, దాని పేరు ఘంటసాల. ఆయన పద్యాన్ని తీసేయలేదు, రాగాలాపనను కుదించి మాటను ముందుకు తెచ్చాడు. ప్రతి అక్షరం వినబడుతుంది, భావం నిలుస్తుంది, పద్యం అయిపోగానే కథ కదులుతుంది. రంగస్థలం మీద రాగం మోసిన దుఃఖంలో సగాన్ని తెర మీద నటుడి ముఖం మోస్తుంది. దగ్గరగా వచ్చి కన్నీటి చుక్కను చూపగల కెమెరా ఉన్నప్పుడు రాగం ఆ పని కూడా చేయనక్కర్లేదు. పద్యనాటకానికి సినిమా చేసిన నిజమైన అనుసరణ ఇదే అని నా నమ్మకం.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. 1965లో కె.వి.రెడ్డి ‘సత్య హరిశ్చంద్ర’ తీశారు. ఎన్టీ రామారావు నటన, ఎస్.వరలక్ష్మి చంద్రమతి, పెండ్యాల సంగీతం, ఘంటసాల గొంతు అన్నీ ఉన్నాయి. అయినా అది ఆశించినట్లు ఆడలేదు. అదే ఏడాది, అదే నిర్మాత, అదే కథతో హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వంలో వచ్చిన రాజ్‌కుమార్ కన్నడ చిత్రం ఘనవిజయం సాధించింది. మరి పద్యాన్ని కుదించిన పద్ధతి ఏం సాధించినట్లు? ఒక్క సినిమా వసూళ్లతో ఒక పద్ధతిని తూచలేం. తొమ్మిదేళ్ల ముందే ఎస్.వి.రంగారావు హరిశ్చంద్రుడిగా మరో తెలుగు చిత్రం వచ్చి ఉంది. అంతకంటే పెద్ద పోటీ ఊళ్లలో ఉంది: డి.వి.సుబ్బారావు వంటివారి కాటిసీను అప్పటికింకా సజీవంగా నడుస్తోంది. ప్రతి తెలుగు ప్రేక్షకుడి చెవిలో తనదైన హరిశ్చంద్రుడు ముందే కూర్చుని ఉండగా, తెర మీది రాజు ఆయనతో పోటీ పడాల్సి వచ్చిందన్నది నా అంచనా. ఆ ఓటమిలో రంగస్థలం బలం కనబడుతుంది, పద్ధతి తప్పు కనబడదు.

ఇంకొకటి అడుగుతారు: చివర దేవతలు ప్రత్యక్షమై, లోహితాస్యుడు బతికి, రాజ్యం తిరిగి వచ్చే కథ విషాదమెలా అవుతుందని. ఒపేరాలో విషాదం తెర పడేటప్పుడు చావుతో వస్తుంది. మనకు అది నడుమనే వస్తుంది, సుంకం అడిగే చోట. కాటిసీనును విడిగా ఆడిస్తే చూడ్డానికి జనం వస్తారు. దేవతలు ప్రత్యక్షమయ్యే సీనును విడిగా ఎవరూ అడగరు. శుభం కార్డు చూసి ఇది విషాదం కాదనడం, రాత్రంతా ఏడ్చినవాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయడమే.

అందుకే రేపు ఈ నాటకాన్ని మళ్లీ తెరకెక్కించబోయేవాళ్లకు నా విన్నపం ఇది. దేవతల కోసం గ్రాఫిక్స్ మీద ఖర్చుపెట్టే ముందు, కాటిసుంకం దగ్గర కాసేపు ఆగండి. తాళి మాట వినగానే చంద్రమతి ముఖంలో వచ్చే మార్పుకు పూర్తి సమయం ఇవ్వండి. ఆ తర్వాత ఒక్క పద్యం, సాగదీయకుండా, ప్రతి అక్షరమూ వినబడేలా పాడించండి. రాచకొండ సీమ కవి పాడుకోమని ఇచ్చిన కథకు అంత మర్యాద చాలు.