సంఘం కంప్యూటరూ, ఒక పెన్‌డ్రైవ్ కథా

తెలుగు మాట్లాడటం వచ్చినా చదవడం రానివాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. ఇంట్లో చదవగలిగినవాళ్ళు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చదివి వినిపించండి. కొంచెం పొడవెక్కువే, ఓపిక పట్టండి.

విషయం మన ఆఫీసు కంప్యూటర్‌ది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి కంపెనీ మామూలు మద్దతు ముగిసిపోయింది. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలట, మన పాత పెట్టెలో అది లేదు. కొత్తది కొనమన్నారు కొందరు. సంఘం చేతిలో ఉన్నది పిల్లల చదువుకిచ్చే డబ్బు. అందులోంచి తియ్యడానికి మాకు మనసొప్పలేదు. లినక్స్ వేస్తే ఇదే పెట్టె ఇంకొన్నేళ్ళు నడుస్తుందని మన కుర్రాడొకడు చెప్పాడు. అందుకు బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ ఒకటి తయారు చెయ్యాలి. ఆ పనిలో మేము నేర్చుకున్నదీ పోగొట్టుకున్నదీ రెండూ రాస్తున్నాం.

మేము రైల్వేలో గుమాస్తాగా ఉన్నప్పుడు కంప్యూటర్ ముందు ఏళ్ళతరబడి కూర్చున్నాం కానీ బూట్ అంటే ఏమిటో తెలియదు. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది, తర్వాత మద్రాసుకూ వచ్చింది. అప్పట్లో కౌంటర్‌లో ఉండేది తెర, కీబోర్డు మాత్రమే. మెదడంతా ఎక్కడో పెద్ద మెషిన్‌లో. లైను వస్తే పని, లైను పోతే క్యూలో వాళ్ళ చేత మాటలు పడటం. అంతే మాకు తెలిసిన కంప్యూటర్ శాస్త్రం.

బూట్ అన్న మాట బూట్‌స్ట్రాప్ నుంచి వచ్చింది. బూటుకుండే పట్టీ పట్టుకుని తన్ను తానే పైకి లాక్కోవడం అని దాని అర్థం. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చిన క్షణంలో దానికి ఏమీ తెలియదు. బోర్డు మీద చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. అది డిస్కులో మొదటి 512 బైట్లు చదివి, అందులో ఉన్న ఇంకొంచెం పెద్ద ప్రోగ్రామ్‌ను లేపుతుంది, అది మిగతాదాన్ని లేపుతుంది. కొత్త యంత్రాల్లో యూఈఎఫ్ఐ అనే పద్ధతి వచ్చి, ఆ 512 బైట్లకు బదులు ఒక ప్రత్యేకమైన ఫోల్డర్‌లో వెతుకుతుంది. పద్ధతి మారినా సంగతి ఒకటే. మొదట లేచినవాడు మిగతావాళ్ళను లేపాలి.

ఆ మొదటి అడుగు ఎక్కడుండాలన్నదే ఈ చరిత్రంతా. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడు అది ఫ్లాపీలో ఉండేది. తర్వాత వచ్చిన చిన్న ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ. విండోస్ 95ను ఫ్లాపీల్లో కొన్నవాళ్ళకు 13 ఇచ్చారు. ఒకటి పాడైతే మళ్ళీ మొదటికి. 1995లో సీడీతోనే కంప్యూటర్‌ను లేపే పద్ధతి ఒకటి నిర్ణయించారు. 1996లో యూఎస్‌బీ వచ్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు బరోడాలో చదివిన అజయ్ భట్. 2000లో సింగపూర్ కంపెనీ ట్రెక్, ఆ ఏడాదే ఐబీఎం, పెన్‌డ్రైవ్‌లు అమ్మకానికి పెట్టాయి. అప్పుడు వాటిలో పట్టేది 8 ఎంబీ. ఈరోజు మన పెళ్ళి ఫోటో ఒక్కటే అంత ఉంటుంది.

మనవాళ్ళు చేసే మొదటి తప్పు ఇక్కడే. ఇంటర్‌నెట్‌లోంచి దించుకున్న ఐఎస్ఓ ఫైలును మామూలుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తారు. కంప్యూటర్ లేవదు. ఐఎస్ఓ అన్నది ఒక సీడీ మొత్తం అచ్చు. 1988లో వచ్చిన ఐఎస్ఓ 9660 అనే సీడీ ప్రమాణం నుంచి ఆ పేరు నిలిచిపోయింది. దాన్ని ఊరికే కాపీ చెయ్యడం, సీలు విప్పని పార్సిల్‌ను ప్లాట్‌ఫారం మీద దించి వదిలినట్టు. లోపల ఉన్నది దేని చోట దాన్ని పరిచి రాయడానికి రూఫస్ లాంటి ప్రోగ్రామ్ కావాలి. అది 2011 నుంచి ఉచితంగా దొరుకుతోంది.

దించుకున్న ఫైలు సరిగ్గా వచ్చిందా లేదా అన్నది చెక్‌సమ్‌తో చూసుకోవాలి. ఈ పని మాకు చాలా నచ్చింది. అట్ట టికెట్ల రోజుల్లో రోజు చివర టికెట్ నంబరూ డబ్బూ సరిచూసుకోనిదే ఇంటికి కదిలేవాళ్ళం కాదు. అదీ ఇదీ ఒకటే అలవాటు.

ఇక పోగొట్టుకున్న సంగతి. మూడేళ్ళ క్రితం మేము కొందరం ఇల్లిల్లూ తిరిగి పదకొండుమంది పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేశాం. మన ఊరి తెలుగు, పెళ్ళి పాటలు, ఇంటిపేర్ల కథలు. అవి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. ఆ రోజు కంప్యూటర్‌కు రెండు పెన్‌డ్రైవ్‌లు గుచ్చి ఉన్నాయి, రెండూ 16 జీబీయే. ఇందులో ఉన్నదంతా పోతుంది అని ప్రోగ్రామ్ ఇంగ్లీషులో అడిగింది. చదవకుండానే సరే అని నొక్కాం. తప్పు మాది, యంత్రానిది కాదు.

తొమ్మిదిమంది మాటలు ఎవరెవరి ఫోన్లలోనో దొరికాయి. ఇద్దరివి దొరకలేదు. అందులో ఒకాయన ఇప్పుడు లేరు. రెండో ఆవిడ, మన అవ్వ, ఉన్నారు. ఫోను పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. అప్పుడు చెప్పిందంతా ఏమయింది నాయనా అని అడిగింది. జరిగింది చెప్పాం. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. కొన్ని పాటలు మాత్రం ఈసారి గుర్తు రాలేదు.

రెండోసారి పెన్‌డ్రైవ్ ఒక్కటే గుచ్చి రాశాం. మేము ఎంచుకున్నది డెబియన్. 1993లో మొదలైన లినక్స్ అది. చెన్నై సీ-డాక్ వాళ్ళు 2007లో ఇచ్చిన బాస్ లినక్స్ కూడా దానిమీద కట్టిందే. కంప్యూటర్ ఆన్ చేసి బూట్ మెనూలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకున్నాం. మొదటి తెరలోనే భాషల పట్టీ వచ్చింది. అందులో తమిళం, దాని కిందనే తెలుగు. మన ఇల్లూ మన బడీ ఒకదాని కింద ఒకటి!

ఈ రెండూ బొమ్మల తెర ఉన్న ఇన్‌స్టాలర్‌లో మాత్రమే వస్తాయి. ఉత్త అక్షరాల తెరకు మన గుణింతాలూ ఒత్తులూ రాయడం చేతకాదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే వచ్చింది. అయినా చాలాకాలం ఒక్కో ప్రెస్సు ఫాంటుకు ఒక్కో లెక్క. ఒకచోట కొట్టిన శుభలేఖ ఇంకోచోట తెరిస్తే పిచ్చిగీతలు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక పరిస్థితి మెరుగుపడింది. ఇవన్నీ తెలుగులోకి తెచ్చినవాళ్ళలో చాలామంది జీతం తీసుకోకుండా చేసినవాళ్ళే.

మాకు ఇది ఎందుకు పెద్ద విషయమో చెప్పాలి. మేము చదివింది తమిళ మీడియం. దానిమీద ఫిర్యాదు లేదు, అన్నం పెట్టింది ఆ చదువే. కానీ పక్క ఊరు శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ కథను కృష్ణదేవరాయలు తెలుగులో రాస్తే, ఆముక్తమాల్యద అన్న ఆ పేరును అట్టమీద చూసి చదవలేకపోయాం. రిటైరైన తర్వాత అ ఆలు దిద్దాం. వందల ఏళ్ళుగా మన తెలుగు ఒక నోటి నుంచి ఇంకో నోటికి వచ్చిందే తప్ప మన ఇళ్ళలో కాగితం మీద నిలిచింది తక్కువ. రెండో కాపీ లేని సరుకు అది. ఒక పెద్ద ప్రాణం పోతే పోయినట్టే.

ఇప్పుడు సంఘం కంప్యూటర్ తెలుగులో తెరుచుకుంటోంది. ప్రింటర్ కూడా పనిచేస్తోంది. పిల్లల డబ్బు అలాగే ఉంది.

వచ్చే ఆదివారం సాయంత్రం ఆఫీసులో ఉంటాం. పాత కంప్యూటర్ ఉన్నవాళ్ళు రండి, పెన్‌డ్రైవ్ ఎలా రాయాలో చూపిస్తాం. ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి ఉంటే అవీ తీసుకురండి, మూడు చోట్ల దాచిపెడదాం. కాకపోతే బయలుదేరే ముందు ఇంట్లో ఒక కాపీ పెట్టుకుని రండి. ఈ విషయంలో మమ్మల్ని కూడా నమ్మొద్దు.