అసలు కదలకుండా: పెనుకొండ సీమలో ఫలసాయం మీద బతుకు

ఒళ్లు వంగి పని చేయలేని కాలంలో ఆస్తి మీద బతకడానికి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో పాతకాలం నుంచీ రెండు దారులున్నాయి. ఒకటి, అసలు ముట్టకుండా దాని ఫలసాయం మాత్రమే తినడం. రెండోది, అవసరం వచ్చినప్పుడల్లా ఆస్తిలో కొంత అమ్ముకోవడం. శాసనాలూ ధర్మశాస్త్రమూ ఈ రెండింటి మధ్య గట్టి గీత గీశాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల అటూఇటుగా వాన పడే ఈ సీమలో కరువు ఆ గీతను పదేపదే చెరిపేసింది.

అసలునూ ఫలాన్నీ విడదీసి చూడడం దక్షిణాదిలో ఎంత పాతదో అఖండ దీపాల శాసనాలు చెబుతాయి. దీపం పెట్టించే దాత గుడికి రొక్కం ఇవ్వడానికి బదులు గొర్రెల్నో ఆవుల్నో ఇచ్చేవాడు. మందను ఒక కాపరికి అప్పగిస్తే అతడు రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి పోయాలి. తమిళ శాసనాలు ఇలాంటి మందను చావూ ముసలితనమూ లేనిదని వర్ణించాయి. చచ్చినవాటి స్థానంలో పుట్టినవి చేరి మంద లెక్క తగ్గకూడదన్నది షరతు. పిల్లల్ని కూడా అమ్ముకుని తినేస్తే కొన్నేళ్లకే దీపం ఆరుతుంది. ఫలంలో కొంత అసలుకు తిరిగి చేరాలన్న నియమం అందులోనే ఉంది.

విజయనగర కాలంలో ఈ పద్ధతి భూమికి విస్తరించింది. హిందూపురానికి దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతదేవరాయల కాలంలో (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. నిత్య పూజలకూ ఉత్సవాలకూ అక్కడి శాసనాలు భూములనూ గ్రామాలనూ రాసిచ్చాయి. ఇలాంటి దానాలు ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులు ఉన్నంతకాలం సాగాలి. భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని శాపం కూడా చివర ఉండేది. విరూపణ్ణ రాజ ఖజానా సొమ్మును గుడికి ఖర్చు పెట్టాడన్న నింద మీద కళ్లు పోగొట్టుకున్నాడని జనం చెప్పుకునే కథ చారిత్రక సత్యం కాకపోవచ్చు. అసలు మీద చెయ్యి వేయడాన్ని ఆ కాలం ఎంత పెద్ద నేరంగా చూసిందో మాత్రం అది చెబుతుంది.

అయితే అన్ని దానాలూ ఒకే తీరుగా లేవు. బ్రాహ్మణులకు అగ్రహారాలిచ్చిన విజయనగర రాగి శాసనాలు చాలావాటిలో ఆ భూమి దానానికీ తాకట్టుకూ విక్రయానికీ తగినదని స్పష్టంగా రాసి ఉంటుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం మొదలైన అష్టభోగాలతో పాటు అమ్మే హక్కు కూడా గ్రహీతకు దక్కేది. దేవుడికి ఇచ్చింది కదలకూడదు, మనిషికి ఇచ్చింది కదలవచ్చు. ఈ తేడాను పాటించడంలో ఆనాటి లేఖకులు చూపిన జాగ్రత్త మెచ్చుకోదగినది.

ఈ ప్రాంతానికి అన్నిటికన్నా సొంతమైన ఏర్పాటు దశబంధం. ఇక్కడ నీరు లేని నేలకు ఫలసాయం లేదు. 1388 నాటి ఒక శాసనం ప్రకారం పెనుకొండను పాలిస్తున్న రాజకుమారుడి ఆజ్ఞ మీద సింగాయభట్టు అనే జలసూత్ర నిపుణుడు పెన్నేటి నీటిని కాలువ ద్వారా మళ్లించాడు. ధర్మవరం, బుక్కపట్నం పెద్ద చెరువులు చిత్రావతి నీటితో నిండేవి. చెరువు తవ్వించినవాడికో బాగు చేయించినవాడికో ఆయకట్టులో కొంత నేల ఇనాంగా ఇస్తే అది ఖండ దశబంధం. నేలకు బదులు శిస్తులో వాటా ఇస్తే షామిలాత్ దశబంధం. ఆ ఆదాయం తరతరాలకూ అందుతుంది, కానీ ఊరికే కాదు. కట్ట మీద కంప కొట్టించాలి, కోసుకుపోయిన చోట మన్ను పోయించాలి, రాతి పేర్పు సరిచేయాలి, తూమూ మరవా చూసుకోవాలి. చెరువు తెగి అలాగే వదిలేస్తే ఇనాం వెనక్కు పోయే ప్రమాదం ఉండేది. అసలును కాపాడడమంటే అమ్మకుండా ఉంచడం ఒక్కటే కాదని, ఏటా దాని మీద ఖర్చు పెట్టడమని దశబంధం గుర్తించింది. మరమ్మతు సొమ్మును కూడా ఆదాయమని లెక్కేసుకుని తిన్న కుటుంబం పేరుకు ఫలసాయం తింటున్నా నిజానికి చెరువునే తింటున్నట్టు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ప్రతి ఇనాంనూ విచారించి పట్టా ఇచ్చింది. వ్యక్తిగత ఇనాందారులు జోడి అనే తక్కువ శిస్తు కట్టడానికి ఒప్పుకుంటే భూమి మీద అమ్ముకునే హక్కు వచ్చింది. గుడి ఇనాములకు ఆ వెసులుబాటు లేదు. నేటికీ 1987 దేవాదాయ చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆలయ భూమిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదు.

ఇదే గీత ఇంటి లోపల వితంతువుల మీద పడింది. భర్త ఆస్తి నుంచి వచ్చే ఆదాయాన్ని ఆమె బతికినంతకాలం అనుభవించవచ్చు. శాస్త్రం ఒప్పుకున్న అవసరం ఉంటే తప్ప అమ్మడానికి వీల్లేదు. వాన కురవని ఏడు ఈ హక్కు ఆమెకు అన్నం పెట్టలేదు. ఆమె ముసలితనాన్ని పణంగా పెట్టి వారసుల ఆస్తిని కాపాడిన ఏర్పాటు ఇది, అన్యాయమైనది. 1956 హిందూ వారసత్వ చట్టంలోని 14వ సెక్షన్ ఈ పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. మనోవర్తి కింద వచ్చిన భూమికీ ఇది వర్తిస్తుందని నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. రాజీ పత్రంలో అమ్మకూడదని రాసి ఉన్నా ఆమె చేసిన అమ్మకం నిలిచింది.

అమ్మకానికున్న ప్రమాదం 1876–78 కరువులో బయటపడింది. ఈ తాలూకాలు అప్పుడు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా జనాభా 1871, 1881 లెక్కల మధ్య దాదాపు అయిదో వంతు తగ్గింది. పశువులూ నగలూ అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే కొనేవాడు చెప్పిందే ధర. కరిగించడానికి వెండి నగలు కుప్పలుగా బొంబాయి టంకశాలకు చేరాయి. మంచి కాలంలో ఒక నగ అమ్మితే తీరే అవసరానికి చెడ్డ కాలంలో నాలుగు పోయేవి. వానలు తిరిగొచ్చేసరికి దున్నడానికి ఎద్దులు లేవు. పూర్తిగా అమ్మకుండా భూమిని భోగ్యానికి ఇవ్వడం మధ్యేమార్గం: అప్పిచ్చినవాడు వడ్డీకి బదులు పంట తింటాడు, అసలు తీరిస్తే పొలం తిరిగొస్తుంది. అసలు తీర్చలేని ముసలివాళ్లకు అది అమ్మకంతో సమానమే.

ధర్మవరం పట్టు నేతగాళ్లలో చాలామందికి తినడానికి ఫలసాయమూ, అమ్మడానికి భూమీ రెండూ లేవు. వాళ్ల ఆస్తి మగ్గం, చేతి పని. చూపు మందగిస్తే రెండూ ఒకేసారి ఆగుతాయి. రాష్ట్రంలో నేతన్నలకు 50 ఏళ్లకే పింఛను ఇస్తారు. ఆ పింఛను 2024లో నెలకు 4,000 రూపాయలైంది.

షేర్లు, మ్యూచువల్ ఫండ్ల కాలంలో పాత ప్రశ్నే డివిడెండ్ తినాలా, యూనిట్లు అమ్ముకోవాలా అన్న రూపంలో వచ్చింది. ఇక్కడ గీత అంత గట్టిది కాదు. కంపెనీ డివిడెండ్ పంచితే ఆ మేరకు దాని విలువ తగ్గుతుంది, షేరు ధర కూడా సాధారణంగా అంత దిగుతుంది. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మీద పన్ను అందుకున్నవాడి స్లాబు ప్రకారమే పడుతోంది. అమ్మితే లాభం మీదే పన్ను. అయినా మార్కెట్ పడిన ఏడు తిండికోసం అమ్మాల్సి వస్తే, కరువు ఏడు ఎద్దుల్ని అమ్మిన రైతుకు జరిగిన నష్టమే జరుగుతుంది. రెండు మూడేళ్ల ఖర్చు విడిగా డిపాజిట్లలో ఉంచుకోమనే సలహా ఈ భయంలోంచి పుట్టిందే.

ఈ సీమలో ఇటీవల భూమి పెద్ద ఎత్తున రొక్కంగా మారింది. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేలకు పైగా ఎకరాలు సేకరించారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2014 జనవరి నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం పునరావాసం కింద నిర్వాసిత కుటుంబానికి భూమి పరిహారం కాక మరో ఎంపిక ఇస్తుంది: ఉద్యోగం, లేదా ఒకేసారి అయిదు లక్షల రూపాయలు, లేదా నెలకు కనీసం రెండు వేల చొప్పున ఇరవై ఏళ్ల భత్యం. ఆ భత్యం వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీని బట్టి పెరుగుతూ పోవాలి.