పొట్టలకెరె దాంపత్యములు

నేడు పటాన్‌చెరువు పేరు వినగానే బొంబాయి రహదారికి ఇరుప్రక్కల నిలిచిన కర్మాగారములును, షిఫ్టు మారువేళ బారులు తీరు కార్మికుల బస్సులును, 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పొలములును మనకు స్ఫురించును గాని, వేయేండ్లకు పూర్వము ఈ యూరే పొట్టలకెరె యను పేర కల్యాణి చాళుక్య ప్రభువైన రెండవ జయసింహునకు రాజధానిగా వర్ధిల్లినదని తలచువారు అరుదు. 1015వ సంవత్సరము మొదలు సుమారు మూడు దశాబ్దములు రాజ్యమేలిన ఆతని కాలమున ఇది జైనమునకును శైవమునకును ఆటపట్టు. ఇచ్చట లభించిన తీర్థంకర విగ్రహములను హైదరాబాదు మ్యూజియములలో నేటికిని చూడవచ్చును. ప్రేమయనగా నేమి, ప్రేమించువారు తమ్ము తాము కోల్పోవలయునా యను ప్రశ్నకు ఈ పురాతన నగరమును ఆశ్రయించిన కథలు చెప్పు సమాధానము మిక్కిలి గంభీరమైనది.

జయసింహుని రాణి సుగ్గలదేవి. పదమూడవ శతాబ్దిని పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమునందును, కన్నడ వీరశైవ సంప్రదాయమునందును ఆమె గాథ కలదు. భర్త జైనమతాభిమాని; ఆమె శివభక్తురాలు, నేతగాడైన దేవర దాసిమయ్యకు శిష్యురాలు. రాజాంతఃపురమున నుండియు, చక్రవర్తికి ఇల్లాలై యుండియు, మగ్గమునొద్ద కూర్చుండువానిని గురువుగా వరించి, పతి మతము కొఱకు తన విశ్వాసమును విడువక, విశ్వాసము కొఱకు పతిని విడువక ఆమె నిలిచినదని కథకుల తాత్పర్యము. కడవలోని పాము చంద్రకాంతలింగ మగుట వంటి మహిమలను కథకే వదలిపెట్టినను, భార్య అంతరాత్మ భర్త సొత్తు కాదను భావమును ఆనాటి భక్తులు అంత స్పష్టముగా ఒక రాణిచేత పలికించుట సామాన్యము కాదు.

ఆమె గురువు దాంపత్యము మఱింత ఆలోచింపదగినది. దాసిమయ్యయు ఆతని భార్య దుగ్గళయు నేతపనిపై బ్రదికినవారు. ఆలు నూలు సవరించి కండెలు చుట్టి యందించినగాని మగని నాడె కదలదు. కావున నేత యింట ఏ ఒక్కరి శ్రమ తక్కువయని యెవ్వరును అనజాలరు. దాసిమయ్య ఎంతో కాలము శ్రమించి నేసిన వలువను జంగమరూపమున వచ్చిన శివుడు అడిగి పుచ్చుకొని, ఆతని కన్నులయెదుటనే చించివేయగా, ఆ దంపతులు నొచ్చుకొనలేదని పురాణగాథ. పోయినది వస్త్రమే గాని తమ విలువ కాదని వారెఱుగుదురు. ఆలుమగలు ఏకమై చేసిన భక్తియే శివునకు ప్రియమనియు, స్త్రీపురుష భేదము దేహచిహ్నములకే గాని లోనున్న ఆత్మకు లేదనియు దాసిమయ్య వచనములు బోధించినవి. ఆత్మ సమానమైనచో ఒకరు ఏలికయు ఒకరు బానిసయు నెట్లగుదురు?

ఆ దాసిమయ్యయే ఒకమారు గర్వపడినాడు. శివుడనుగ్రహించిన తవనిధి, అనగా ఎంత తీసినను తరుగని ధాన్యము, తన యింట నున్నదను అతిశయముతో, చింకిగుడ్డలు కుట్టుకొని జీవించు శంకరదాసయ్యపై జాలిపడి, ఆతనికి ధాన్యము నీయబోయెను. శంకరదాసయ్య సూది నేలకు గ్రుచ్చగా నిధులు పొంగినవట. దాసిమయ్య ఇల్లు చేరునప్పటికి తవనిధి వట్టిపోయి యుండెనట. ఆత్మగౌరవమునకును అహంకారమునకును నడుమ గీత ఎచ్చటనో ఈ కథ చూపుచున్నది: తన యోగ్యత నెఱిగినవాడు ఇతరుని చిన్నచూపు చూడడు, ఇతరుని చిన్నచూపు చూచినవాడు తన యోగ్యతను దానము చేయు సంపదపై నిలిపినవాడు. దాంపత్యమునందును అంతియే. ఇచ్చుచున్నానను గర్వము ప్రేమను దయగా మార్చును. దయకు లోబడిన మనసు ప్రేమింపలేదు.

అయినను ఈ గాథలయందు ఒక లోపము కలదు. రాణి విజయమును కీర్తించు కథకులు జైనాలయములైన బసదుల పతనమునుగూడ ఉత్సాహముతో వర్ణించిరి; తాము ఆమెకు కోరిన స్వాతంత్ర్యమును జైనుల కీయరైరి. దీనికి సవరణ ఆ రాజకుటుంబమునందే కలదు. జయసింహుని సోదరి, కిసుకాడు నాటి నేలిన అక్కాదేవి, జిన, బుద్ధ, విష్ణు, రుద్ర ధర్మములన్నింటిని ఆచరించెనని శాసనము ప్రస్తుతించుచున్నది. తన విశ్వాసమున సుగ్గలవలె దృఢముగ నిలుచుట, పరవిశ్వాసమును అక్కాదేవివలె ఆదరించుట, ఈ రెండును కలిసినగాని ప్రేమకు పూర్ణత లేదు.

ఇప్పుడీ పారిశ్రామికవాడకు బీహారు, ఒడిశా, ఆంధ్ర, మరాఠా ప్రాంతములనుండి వచ్చిన యువతీయువకులు ఇరుకు అద్దెగదులలో కాపురములు పెట్టుచున్నారు. భాష వేఱు, దేవుడు వేఱు, కొన్నియెడల ఇరువురి షిఫ్టులును వేఱు. వారికి ఈ నేల పూర్వులు విడిచిన ఆస్తి ఒక్కటే: మనిషి విలువ మఱియొకరి మెప్పువలన కలుగునది కాదు, ఆ యెఱుక గల యిరువురు కలిసినపుడే కాపురము భారము గాక ధర్మమగును.